గీతలు గీసే అధికారం, గడువులు దాటే ఎన్నికలు

నియోజకవర్గాల పునర్విభజన అనగానే అందరి దృష్టీ లోక్‌సభ మీదికే పోతుంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాలవారీ స్థానాల సంఖ్యను 1971 జనాభా లెక్కల వద్ద స్తంభింపజేసింది. 2001లో 84వ సవరణ ఆ స్తంభనను 2026 తరువాత జరిగే తొలి జనగణన దాకా పొడిగించింది. దక్షిణాది ఆందోళన అంతా ఆ గడువు చుట్టూనే తిరుగుతోంది. ఈ వాదోపవాదాల నడుమ మరుగున పడిన విషయం ఒకటుంది. పంచాయతీలకు, పురపాలక సంఘాలకు అటువంటి స్తంభన ఏదీ లేదు. అక్కడ పాత గీతలు చెరిగిపోతూనే ఉన్నాయి, కొత్తవి పడుతూనే ఉన్నాయి.

1993లో అమలులోకి వచ్చిన 73, 74 సవరణలు స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని ఇచ్చాయి. జనాభాకూ స్థానాలకూ మధ్య నిష్పత్తి సాధ్యమైనంత వరకు సమానంగా ఉండాలని పంచాయతీల విషయంలో 243-సి అధికరణం నిర్దేశించింది. జనాభా అంటే గణాంకాలు ప్రచురితమైన చివరి జనగణన ప్రకారం తేలిన సంఖ్య అని రాజ్యాంగం నిర్వచించింది. ఎన్నికల నిర్వహణను రాష్ట్ర ఎన్నికల సంఘాలకు అప్పగించిన ఈ సవరణలు, సరిహద్దులు ఎవరు గీయాలన్నది మాత్రం శాసనాలకే విడిచిపెట్టాయి. పార్లమెంటు నియోజకవర్గాలకు 1952, 1962, 1972, 2002 చట్టాల కింద న్యాయమూర్తుల అధ్యక్షతన కమిషన్లు ఏర్పడ్డాయి. స్థానిక సంస్థలకు దేశమంతటా వర్తించే అటువంటి ఏర్పాటు లేదు. కేరళలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ అధ్యక్షతన పునర్విభజన కమిషన్ పనిచేస్తుంది. పలు ఇతర రాష్ట్రాలలో ఆ కలం ప్రభుత్వం చేతిలోనే ఉంది.

ముంబయి అనుభవం చూడదగినది. 2021 జనగణన జరగనే లేదు. అయినా జనాభా పెరిగిందన్న అంచనాతో మహావికాస్ అఘాడీ ప్రభుత్వం 227 వార్డులను 236 చేసింది. 2022లో ప్రభుత్వం మారగానే షిందే మంత్రివర్గం తిరిగి 227కు తెచ్చింది. కార్పొరేషన్ గడువు 2022 మార్చిలోనే ముగిసింది. వార్డుల వివాదానికి ఓబీసీ రిజర్వేషన్ల వ్యాజ్యం తోడై, ఎన్నికలు 2026 జనవరి దాకా జరగలేదు. దాదాపు నాలుగేళ్లు దేశ ఆర్థిక రాజధానిని నియమిత అధికారి పాలించారు.

ఢిల్లీలో కలం కేంద్రం చేతిలో ఉంది. 2022 మార్చిలో ఎన్నికల తేదీల ప్రకటన వెలువడవలసిన రోజునే, కేంద్రం నుంచి లేఖ అందిందంటూ రాష్ట్ర ఎన్నికల సంఘం దానిని వాయిదా వేసింది. మూడు కార్పొరేషన్లను ఒకటిగా కలుపుతూ పార్లమెంటు చట్టం చేసింది. 272 వార్డులు 250కి తగ్గాయి. ఆధారం మళ్లీ 2011 లెక్కలే. డిసెంబరులో ఎన్నికలు జరిగితే 134 స్థానాలతో ఆమ్ ఆద్మీ పార్టీయే గెలిచింది. గీత గీసినవారికి గెలుపు దక్కకపోవచ్చు. కానీ ఓటరు నెలల తరబడి ప్రతినిధి లేకుండా ఉండిపోయాడు.

ఐదేళ్ల గడువు దాటరాదని 243-ఇ, 243-యు అధికరణాలు స్పష్టంగా చెబుతున్నాయి. పునర్విభజన పేరిట ఎన్నికలు ఆపరాదని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులోనూ, 2022లో సురేశ్ మహాజన్ కేసులోనూ సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. మరోవైపు, పునర్విభజన చట్టాల చెల్లుబాటును న్యాయస్థానాలలో ప్రశ్నించరాదని 243-ఓ, 243-జెడ్‌జి అధికరణాలు ఆంక్ష విధించాయి. గీత ఒకసారి పడ్డాక పౌరుడికి మిగిలే మార్గం బహు ఇరుకైనది.

2027 జనగణన లెక్కలు వెలువడ్డాక దేశమంతటా వార్డుల గీతలు మళ్లీ కదులుతాయి. లోక్‌సభ స్థానాల పంపకంలో న్యాయం కోరుతున్న రాష్ట్రాలు, తమ ఊళ్లలోని వార్డులను ఎవరి చేత గీయిస్తున్నాయన్న ప్రశ్నకూ జవాబు చెప్పుకోవాలి. స్వతంత్ర కమిషన్, ప్రజల అభ్యంతరాలకు తగిన వ్యవధి, ఎన్నికల గడువుకు చాలా ముందే ముగిసే ప్రక్రియ: ఈ మూడింటికీ రాజ్యాంగ సవరణ అక్కరలేదు. శాసనసభలు తలచుకుంటే చాలు.