బతికి బయటపడ్డ మనిషి మీద కేసా? సెక్షన్ 309 కథ

ఈరోజు టాపిక్ కొంచెం బరువైంది. ఆత్మహత్యాయత్నం, దాని చుట్టూ ఉన్న చట్టం. వినడం కష్టంగా ఉంటే ఆపేయండి, ఏం పర్లేదు. ఇప్పుడే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి కాల్ చేయండి. టెలీ మానస్ అంటారు. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

సరే, కథలోకి వెళ్దాం. ఒక మనిషి బాధ తట్టుకోలేక చనిపోవాలనుకున్నాడు. ఇంట్లోవాళ్లు చూశారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు, బతికాడు. కళ్లు తెరిచేసరికి మంచం పక్కన ఎవరుండాలి? అమ్మ ఉండాలి, ఫ్రెండ్ ఉండాలి, డాక్టర్ ఉండాలి అంటాం కదా. కానీ మన దేశంలో 160 ఏళ్లకు పైగా చట్టం ఆ మనిషిని నేరస్థుడిగానే చూసింది.

అదే ఐపీసీ సెక్షన్ 309. బ్రిటిష్ వాళ్లు 1860లో తెచ్చిన శిక్షాస్మృతిలో ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నిస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. విచిత్రం ఏంటంటే, ఇంగ్లండ్ తన దేశంలో ఇలాంటి చట్టాన్ని 1961లోనే ఎత్తేసింది. మనం మాత్రం 2024 దాకా మోశాం.

మరి మధ్యలో ఎవరూ అడగలేదా? అడిగారు. 1971లోనే లా కమిషన్ తన 42వ నివేదికలో ఈ సెక్షన్ తీసేయమంది. 1978లో రాజ్యసభ బిల్లు పాస్ చేసింది కూడా. ఇక లోక్‌సభ ఒప్పుకుంటే చాలు. ఈలోపు 1979లో లోక్‌సభే రద్దయింది, దాంతోపాటు బిల్లూ పోయింది. అక్కడ పోయిన ఛాన్స్ మళ్లీ రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది.

పార్లమెంటులో ఆగిపోయేసరికి జనం కోర్టులకు వెళ్లారు. 1986లో బొంబాయి హైకోర్టుకు ఒక పోలీస్ కానిస్టేబుల్ కేసు వచ్చింది. ఆయనకు యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలింది, తర్వాత మానసిక జబ్బు వచ్చింది. వైద్యం కావాల్సిన మనిషి మీద 309 కింద కేసు పెట్టారు. హైకోర్టు ఈ సెక్షనే రాజ్యాంగ విరుద్ధం అని కొట్టేసింది. మరి మన హైకోర్టు? 1988లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దీనికి రివర్స్‌లో చెప్పింది. సెక్షన్ చెల్లుతుంది, ఎవరికి శిక్ష వేయాలో ఎవరి మీద దయ చూపాలో కోర్టులు చూసుకుంటాయి అంది. అంటే అదే పని చేసిన మనిషికి బొంబాయిలో ఒక న్యాయం, మన దగ్గర ఇంకో న్యాయం.

ఇక్కడ మనకు దగ్గరి పేరు ఒకటి వస్తుంది. నాగభూషణ్ పట్నాయక్. ఒడిశాలో గుణుపూర్ వైపు మనిషి, శ్రీకాకుళం ఉద్యమంలో ఉన్న నక్సలైట్ నాయకుడు. 1970లో ఉరిశిక్ష పడింది, తర్వాత అది యావజ్జీవంగా మారింది. ఆయన రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు, అది వేరే ఎపిసోడ్. ఆయన మీద కోరాపుట్ జిల్లా జయపూర్ కోర్టులో 309 కింద కేసు నడిచింది. దాన్ని కొట్టేయమని, అసలు సెక్షనే తప్పని సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఇదే విషయం మీద పి. రతినం అనే ఆయన ఇంకో పిటిషన్ వేశాడు. రెండూ కలిపి విని, 1994 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు 309ని కొట్టేసింది. ఇప్పటికే నలిగిపోయిన మనిషిని ఇంకోసారి శిక్షించడం క్రూరం అని తేల్చింది.

అయిపోయిందా? లేదు. రెండేళ్లు కూడా నిలవలేదు. కోడలి ఆత్మహత్యకు కారణమయ్యారని శిక్ష పడ్డ భార్యాభర్తలు ఒక లాజిక్ తెచ్చారు: "చనిపోవాలనుకోవడం నేరం కానప్పుడు, అందుకు ప్రేరేపించడం మాత్రం నేరం ఎలా అవుతుంది?" చూశారా ఎంత డేంజరో. ఈ లాజిక్ నిలబడితే వేధించి చావుకు నెట్టినవాళ్లు ఈజీగా బయటపడతారు. 1996 మార్చిలో జ్ఞాన్ కౌర్ కేసులో ఐదుగురు జడ్జిల బెంచ్ ఆ దారి మూసేసింది. జీవించే హక్కులో చనిపోయే హక్కు లేదంది. ఆ దెబ్బకు 309 మళ్లీ బతికొచ్చింది.

ఇక్కడి నుంచి పోరాటం దారి మారింది. "చనిపోయే హక్కు" అనే వాదన పక్కకు జరిగింది, "వైద్యం పొందే హక్కు" ముందుకొచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. చెన్నైలో స్నేహ సంస్థ పెట్టిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ లాంటి సైకియాట్రిస్టులు ఏళ్ల తరబడి ఒకటే చెప్పారు: కేసు భయంతో జనం నిజం దాస్తున్నారు, నిజం దాస్తే వైద్యం అందదు. హైదరాబాద్‌లో రోష్ని లాంటి హెల్ప్‌లైన్లలో వాలంటీర్లు ఫోన్ పట్టుకుని కూర్చుని వినే పని చేస్తూ వచ్చారు. 2008లో లా కమిషన్ 210వ నివేదికలో మళ్లీ తీసేయమంది. అటు మణిపూర్‌లో ఇరోమ్ షర్మిల 16 ఏళ్లు నిరాహార దీక్ష చేస్తే, ఆమెను మళ్లీ మళ్లీ ఇదే 309 కింద అరెస్ట్ చేశారు. 2014 డిసెంబర్‌లో కేంద్రం రాజ్యసభలో చెప్పింది: 18 రాష్ట్రాలు, 4 కేంద్రపాలిత ప్రాంతాలు ఒప్పుకున్నాయి, తీసేస్తాం అని.

చివరికి 2017లో మెంటల్ హెల్త్‌కేర్ చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 115 చూడండి. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, విచారణ, శిక్ష ఉండకూడదు, వైద్యం, పునరావాసం ఇచ్చే బాధ్యత ప్రభుత్వానిది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పాత కోడ్ డిలీట్ చేయలేదు, పైన ఓవర్‌రైడ్ రాశారు. పాత 309 పుస్తకంలో అలాగే ఉంది కాబట్టి స్టేషన్లలో కన్ఫ్యూజన్ కూడా ఉంది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక పాత సెక్షన్ పోయింది. పూర్తిగా పోయిందా అంటే, ఒక ముక్క మిగిలింది. ప్రభుత్వ అధికారి మీద ఒత్తిడి తేవడానికి ఆత్మహత్యకు ప్రయత్నిస్తే సెక్షన్ 226 కింద ఇప్పటికీ నేరమే. కలెక్టరేట్ ముందు కుప్పకూలిన రైతుది నిరసనా, బాధా? ఎవరు తేలుస్తారు? ఈ ప్రశ్న ఇంకా అడగాల్సిందే.

ఇప్పుడు ఇదంతా మా ఎర్రుపాలెం దాకా తెస్తా. ఖమ్మం జిల్లాలో ఆంధ్రా బోర్డర్ పక్కన, విజయవాడ రైల్వే లైన్ మీద ఉండే మండలం మాది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్లాలంటే రెండొందల కిలోమీటర్లు దాటాలి. చట్టం మారిందనే వార్త మా ఊళ్లలోకి ఇంకా సరిగ్గా రాలేదు. ఇలాంటిది జరిగితే మొదట వినిపించే మాట "డాక్టర్‌కి చెప్పకండి, పోలీస్ కేసవుద్ది" అనేదే. పొరపాటున జరిగిందని చెప్తారు. డాక్టర్ ఒంటికి వైద్యం చేసి పంపిస్తాడు. మనసుకు ఏమైందో అడిగే మనిషే ఉండడు. చట్టం పుస్తకంలోంచి పోయింది కానీ భయం నోట్లోంచి పోలేదు.

అందుకే రెండు పనులు. ఒకటి, ఇంట్లో పెద్దవాళ్లకు ఈ విషయం చెప్పండి. ఆసుపత్రి వాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వొచ్చు, వాళ్లు వచ్చి వివరాలు అడగొచ్చు. అంతమాత్రాన బతికిన మనిషి ముద్దాయి కాడు. డాక్టర్‌కి నిజమే చెప్పాలి. ప్రాణం నిలబడేది అక్కడే.

రెండు, అడగండి. 2017 చట్టం సెక్షన్ 18 ప్రకారం మానసిక వైద్యం అందరి హక్కు. జిల్లాలో కనీస ప్రభుత్వ సేవలు లేకపోతే, అదే జిల్లాలో వేరే చోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వం భరించాలి. మీ జిల్లాలో సైకియాట్రిస్టులు ఎంతమంది, ఏ ఆసుపత్రిలో, వారానికి ఎన్ని రోజులు ఉంటారు? పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో అడగొచ్చు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కథ కూడా మొదలైంది ఇలాంటి కాగితంతోనే.

మీరు అడిగితే ఏం జవాబు వచ్చిందో కామెంట్లలో రాయండి, జిల్లాలవారీగా ఒక ఎపిసోడ్ చేద్దాం. వీడియో మీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. నంబర్ సేవ్ చేసుకోండి: 14416. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.