సరకు చేరవేయు వాహనచోదకుల పనిగంటలు, విరామ నియమములు

సరకులను, పార్సిళ్లను, భోజనపదార్థములను ఒకచోటినుండి వేరొకచోటికి చేరవేయు వాహనచోదకుడు దినమునకెన్ని గంటలు బండి నడుపవచ్చును, నడుమ ఎంతసేపు విశ్రమింపవలెను, ఒకనాటి పనికిని మరునాటి పనికిని మధ్య ఎంత వ్యవధి యుండవలెను అను విషయములను నిర్ణయించు శాసనములు ఇచట వివరింపబడుచున్నవి. ఇతర శ్రామికుల పనివేళల చట్టములకును వీనికిని ఒక ముఖ్యభేదము కలదు. మిల్లుకూలీ అలసినచో హాని ప్రధానముగా ఆతనికే. చోదకుడు కునుకు తీసినచో దారిన పోవువానికిని ప్రాణాపాయము. అందుచేతనే ఈ నియమములు కార్మికశాసనములకంటె ముందుగా రహదారి శాసనములందు పొడసూపినవి.

బ్రిటనులో 1930వ సంవత్సరపు రోడ్డు ట్రాఫిక్ చట్టము విరామము లేక ఐదున్నర గంటలకు మించియు, దినమునకు 11 గంటలకు మించియు భారవాహనము నడపరాదని విధించెను. అమెరికాలో 1935వ సంవత్సరపు మోటారు కారియర్ చట్టము ననుసరించి 1938లో పది గంటల పరిమితి ఏర్పడెను. 1939లో అంతర్జాతీయ కార్మిక సంస్థ రహదారి రవాణాకు ప్రత్యేకముగా ఒక ఒడంబడికను ఆమోదించెను. ఆ యేడే మన దేశమున వెలువడిన మోటారు వాహనముల చట్టము ఐదుగంటల పని కాగానే అర్ధగంట విశ్రాంతి, దినమునకు తొమ్మిది గంటలు, వారమునకు 54 గంటలు అను హద్దులను గీచెను.

ఈ చరిత్రయందు భారతీయులకు మిక్కిలి ముఖ్యమైనది 1961వ సంవత్సరపు మోటారు రవాణా కార్మికుల చట్టము. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అనునది దాని సామాన్యనియమముగా నుండెను. దూరప్రయాణములకును, పండుగవేళలకును 10 గంటలు, 54 గంటలు వరకు సడలింపు ఉండెను. ఐదుగంటలకు అర్ధగంట విరామము, రెండుదినముల పనులకు నడుమ ఎడతెగని తొమ్మిది గంటల విశ్రాంతి, వారమున కొకనాడు సెలవు, అదనపు పనికి రెట్టింపు వేతనము అందు విధింపబడినవి. విశ్రాంతివేళలను కలుపుకొన్నను పనిదినము మొత్తముమీద 12 గంటలకు మించి సాగరాదని యుండెను.

అయితే ఈ శాసనకర్తల సూక్ష్మదృష్టి అంకెలకంటె నిర్వచనమునందే గోచరించును. అందు బండి నడచుకాలము మాత్రమే పనిగా నెంచబడలేదు. దాని కనుబంధమైన పనులును పనిగానే లెక్కింపబడెను. ప్రయాణముల నడుమ పిలుపుకై ఊరక కాచుకొనియుండు కాలము పదునైదు నిమిషములకు లోపైనచో అదియు పనిగంటలలో చేరెను. లోడు దించుటకు హమాలీలకై ఎదురుచూచుచు క్యాబినులో కూర్చున్న వేళ ఎవరి లెక్కలోనిది అను ప్రశ్న నేటికిని ఈ విషయమంతటికిని మూలమై యున్నది.

చట్టము మంచిదే; దాని చేయి మాత్రము పొట్టి. ఐదుగురు, లేక అంతకుమించిన కార్మికులు గల సంస్థలకే అది వర్తించెను. తక్కువమంది గలవానికి విస్తరించు అధికారము రాష్ట్రప్రభుత్వములకుండెను. మన లారీ వ్యాపారమో, ఒకటి రెండు బండ్ల యజమానులతో నిండియున్నది. యజమానియే డ్రైవరైనచో, అప్పు కంతులే ఆతని పనివేళలను నిర్ణయించును.

ఐరోపావారు లెక్కించు బాధ్యతను యంత్రమునకు అప్పగించిరి. వేగమును, నడచినకాలమును నమోదుచేయు టాకోగ్రాఫు 1970వ సంవత్సరపు నిబంధనతో అచట ప్రవేశించెను. 2006వ సంవత్సరపు నిబంధన ప్రకారము నాలుగున్నర గంటలు నడిపినపిమ్మట 45 నిమిషముల విరామము తప్పనిసరి. దినమునకు తొమ్మిది గంటలు, వారమునకు 56 గంటలు, రెండువారములకు 90 గంటలు పరిమితి. వారమునకు రెండుమారులు మాత్రము పదిగంటలు నడుపవచ్చును. మూడున్నర టన్నులకు లోపైన వ్యానులు ఈ వలలోనుండి జారిపోవుచుండుటచే, దేశాంతర రవాణాలోని రెండున్నర టన్నులకు మించిన వ్యానులకును 2026 జూలై 1 నుండి ఈ నిబంధనలు వర్తింపవలెనని 2020లో తీర్మానించిరి. చిన్నబండ్ల సమస్య ఆ సంపన్నదేశములను కూడ ఆలస్యముగనే మేలుకొలిపినదన్నమాట.

యాప్‌ల ద్వారా సరకులు పంచు పద్ధతి వచ్చినపిమ్మట పాతప్రశ్న క్రొత్తరూపము దాల్చెను. హోటలు గుమ్మముకడ ఆర్డరుకై నిలుచున్న డెలివరీ బాయ్ ఏ నిమిషమున ఎచట నుండెనో ఫోనుకు తెలియును. ఏ టాకోగ్రాఫును ఇంత నిశితముగా లెక్క వ్రాయలేదు. కాని ఆతడు ఉద్యోగి కాడు, 'భాగస్వామి' అను వాదముతో ఆ లెక్కకు శాసనబలము లేకపోయెను. ఆర్డరుకింతయని డబ్బు వచ్చునప్పుడు విరామమనగా ఆదాయనష్టమే.

ప్రయాణికులను చేరవేయు యాప్ సంస్థలకై కేంద్రప్రభుత్వము 2020లో వెలువరించిన మార్గదర్శకములందు డ్రైవరు దినమునకు 12 గంటలకు మించి లాగిన్ కారాదనియు, పిమ్మట పదిగంటలు విశ్రమింపవలెననియు సూచించెను. అదే యేటి సామాజిక భద్రతా స్మృతి ఇట్టి యాప్ పనివారగు గిగ్ కార్మికులకై నిధి నేర్పరుప నుద్దేశించి, సంస్థలు తమ వార్షికవ్యాపారమున నూటికి ఒకటినుండి రెండు వంతులు చెల్లింపవలెనని పలికినదే కాని, పనిగంటల మాట ఎత్తలేదు. 1961వ సంవత్సరపు చట్టమును రద్దుపరచిన వృత్తి భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. ఎనిమిది గంటల దినపరిమితి అందును నిలిచినది. అయితే మోటారు రవాణా సంస్థ దాని పరిధిలోనికి వచ్చుటకు కావలసిన కార్మికులసంఖ్య ఐదునుండి పదికి పెరిగినది.