మార్షల్ రొకొసోవ్‌స్కీ వ్రాయని పుటలు

సేనానుల స్మృతిగ్రంథాలలో మనం సాధారణంగా యుద్ధాల కోసం వెతుకుతాము. కాన్‌స్టాంటిన్ రొకొసోవ్‌స్కీ వ్రాసిన ‘సైనికుని కర్తవ్యం’ మాత్రం యుద్ధం రాకముందే, ఆరంభంలోనే నన్ను ఆపివేసింది. 1940 వసంతంలో కుటుంబంతో సోచీ వెళ్ళిన ప్రస్తావనతో గ్రంథం మొదలవుతుంది. సముద్రతీరంలో విశ్రాంతి, ఆ తరువాత రక్షణశాఖ నుండి పిలుపు. వినడానికి ఎంత మామూలు సంగతి! కాని అంతకు ముందు రెండున్నర సంవత్సరాలు ఆ సేనాని ఎక్కడ ఉన్నాడు?

జైలులో ఉన్నాడు. శత్రువుల జైలులో కాదు.

తండ్రి పోలిష్ రైల్వే ఉద్యోగి, తల్లి రష్యన్. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోగా వార్సాలో రాళ్ళు చెక్కి పొట్టపోసుకున్నాడు. 1914లో జారు అశ్వికదళంలో చేరాడు. విప్లవం వచ్చాక ఎర్రసైన్యం ఆయన ఇల్లయింది. తరువాతి కాలంలో లోకప్రసిద్ధుడైన జూకోవ్ ఒకప్పుడు ఆయన చేతికింద పనిచేసినవాడే. 1937 జూన్‌లో మార్షల్ తుఖాచెవ్‌స్కీని కాల్చివేశారు. ఆగస్టులో రొకొసోవ్‌స్కీ వంతు వచ్చింది. పోలండుకూ జపానుకూ గూఢచారి అని నేరం మోపారు. పళ్ళు రాలగొట్టారు, పక్కటెముకలు విరగగొట్టారు. ఆయన నేరం ఒప్పుకోలేదు. భార్య, కూతురు అర్మావీర్ పట్టణంలో ‘ప్రజాశత్రువు’ కుటుంబంగా కాలం గడిపారు. 1940 మార్చి 22న విడుదల. సోచీ ప్రయాణం అటుతరువాతిది. ఇది తెలిసి మళ్ళీ చదివితే ఆ విహారయాత్ర వేరే అర్థం ఇస్తుంది.

ఇదంతా సెన్సారు పని అని తేల్చివేయవచ్చు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని 1956లో ఇరవయ్యవ మహాసభ తలుపు తెరిచిన తరువాత, కోలిమా గనులలో మగ్గిన జనరల్ గొర్బాతోవ్ తన అనుభవాన్ని వ్రాశాడు. 1964లో ‘నోవీ మీర్’ పత్రిక దానిని ప్రచురించింది. ఒకరు వ్రాయగలిగినది మరొకరు వ్రాయలేదు. కనుక ఈ మౌనంలో కొంత ఆ మనిషిది కూడా. అది విధేయతా, అభిమానమా, మానని గాయమా? ఏదో ఒకటని చెప్పే ధైర్యం నాకు లేదు. పిరికితనం మాత్రం కాదని నిస్సంకోచంగా చెప్పగలను.

ఎందుకంటే 1944 మే నెల సమావేశం మన కళ్ళ ముందున్నది. బైలోరష్యా దాడికి ఒకే ప్రధానఘాతం చాలునని పైవారి ఆలోచన. బొబ్రూయిస్క్ మీదికి రెండు ప్రధానఘాతాలు ఒకేసారి పడాలి, వాటిలో ఒకటి చిత్తడినేలల మీదుగా సాగాలి అని రొకొసోవ్‌స్కీ పట్టుపట్టాడు. పక్కగదిలోకి వెళ్ళి మళ్ళీ ఆలోచించుకొని రమ్మని స్టాలిన్ రెండుసార్లు పంపాడట. రెండుసార్లూ అదే సమాధానంతో తిరిగివచ్చాడు. ఎవరి రాజ్యంలో తన పళ్ళు రాలాయో ఆయన ఎదుటనే! చివరకు అనుమతి లభించింది. సైనికులు బురదమీద దుంగలు పరచి ఆ దారిన టాంకులు నడిపించారు. జూన్ 24న దాడి మొదలయింది, 29న బొబ్రూయిస్క్ విముక్తమయింది. ఆయన మార్షల్ అయినది కూడా ఆనాడే. అంతకు ముందు మాస్కో రక్షణ, స్టాలిన్‌గ్రాడ్, కూర్స్క్ ఉన్నాయి. అవి పాఠకులకు సుపరిచితాలే.

అయితే ఆరాధన వద్దు. 1949లో ఆయన పోలండు రక్షణమంత్రి అయ్యాడు. ఒకనాటి వార్సా శ్రామికుడు తిరిగివచ్చాడని అక్కడి ప్రజలు పొంగిపోలేదు. మాస్కో మనిషి వచ్చాడనుకున్నారు. 1956 జూన్‌లో పోజ్నాన్ కార్మికులు కూలి కోసం, రొట్టె కోసం వీధికెక్కినప్పుడు వారిమీదికి టాంకులు వెళ్ళాయి. ఆ సైన్యానికి మంత్రి ఆయనే. యాభైమందికి పైగా మరణించారు. అన్యాయానికి గురైనవాడు అన్యాయం చేయడని నమ్మే మన అలవాటుకు ఈ ఘట్టం పెద్ద దెబ్బ. ఆ సంవత్సరం చివరనే ఆయన సోవియట్ దేశానికి తిరిగి వెళ్ళాడు.

పోలండులో రష్యన్, రష్యాలో పోల్. జన్మస్థలం విషయంలో కూడా వార్సా అని ఒక మాట, వెలీకియె లూకీ అని మరొక మాట.

1968 ఆగస్టు 3న ఆయన మరణించాడు. గ్రంథం వెలువడినదీ ఆ సంవత్సరమే. కత్తెర పడిన భాగాలు సోవియట్ యూనియన్ పతనానంతరం, 1997 ముద్రణలో చేరాయి. 1941 జూన్‌లో దేశం ఎంత అసన్నద్ధంగా ఉన్నదో అందులో నిష్కర్షగా వ్రాశాడు. జైలును గురించి మాత్రం ఆ పుటలలో కూడా లేదు. గ్రంథం అప్పుడూ సోచీలోనే మొదలవుతుంది.