చెరకు గానుగ: రోకలి నుంచి రోలర్ల దాకా

వడ్డాది, చోడవరం, అనకాపల్లి... ఈ దారి పొడవునా చెరకు పండే నేల. ఇక్కడి రైతుకు చిరకాలంగా రెండు దారులుంటూ వచ్చాయి: గోవాడ సహకార చక్కెర మిల్లుకు చెరకు తోలడం, లేదా తానే గానుగాడించి బెల్లం వండుకోవడం. రెండో దారిని రైతు చేతిలో నిలిపింది గానుగే.

తొలినాళ్లలో చెరకు గానుగ కూడా నూనె గానుగ లాంటిదే. పెద్ద రోలు, అందులో తిరిగే రోకలి. చెరకును ముక్కలుగా నరికి వేయాల్సి వచ్చేది. తర్వాత పక్కపక్కన నిలబెట్టిన కొయ్య రోలర్లు వచ్చి నరికే పని తప్పించాయి. అయితే కొయ్య అరిగేకొద్దీ సందు పెరిగి, రసం పిప్పిలోనే ఉండిపోయేది.

1870ల్లో బిహార్‌లోని బిహియాలో థామ్సన్, మిల్న్ అనే ఇద్దరు ఎద్దులతో తిప్పే ఇనుప గానుగ తయారుచేశారు. దాన్ని రైతులకు అద్దెకూ ఇచ్చారు. కొనే స్తోమత లేనివాడికీ అలా ఇనుము అందింది.

మూడు రోలర్ల గానుగలో కిటుకంతా సందుల్లో ఉంది. ఎద్దులు లాగే దూలం నడిమి రోలరును తిప్పితే, పళ్లచక్రాలు మిగతా రెంటినీ తిప్పుతాయి. మొదటి సందు కాస్త వెడల్పు, అక్కడ గడ చితుకుతుంది. రెండోది ఇరుకు, అక్కడ రసం దిగుతుంది. మరీ బిగిస్తే ఎద్దులు లాగలేవు, వదులు చేస్తే రసం పోతుంది.

బాగా పిండితే లాభం రసం ఒక్కటే కాదు. పొయ్యిలోకి వంటచెరకు ఆ పిప్పే. తడి తక్కువైతే తొందరగా ఆరుతుంది, బాగా మండుతుంది. రసం సుమారు 118 డిగ్రీల దాకా కాగితేనే పాకం దిమ్మకు వస్తుంది కనుక గానుగ, పొయ్యి కలిసి ఒకే యంత్రం. 1913లో మొదలైన అనకాపల్లి పరిశోధన కేంద్రం చెరకు వంగడాలతో పాటు బెల్లం తయారీపైనా పనిచేయడం అందుకే ముఖ్యం.

ఎద్దుల స్థానంలోకి ఇంజన్లొచ్చాయి. 1930 ప్రాంతంలో ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ తెచ్చిన నిదాన వేగపు డీజిల్ ఇంజనుకు రాజ్‌కోట్‌లో నకళ్లు తయారయ్యాయి. విప్పి బాగుచేసుకోవడం తేలిక కావడంతో అవి మన పొలాల్లో పాతుకుపోయాయి. తర్వాత కరెంటు మోటార్లు చేరాయి.

ఈ మార్పులన్నీ రసాన్ని, వేగాన్ని పెంచాయి. గడలందించే చేతిని మాత్రం పట్టించుకోలేదు. ఎద్దులైతే ఒక్క కేకకు ఆగుతాయి. ఇంజను ఆపినా దాని బరువు చక్రం తిరుగుతూనే ఉంటుంది. రోలర్లకు చేయి అందనంత పొడవైన తొట్టి, బెల్టుకు అడ్డుకంచె, గడ పెట్టేవాడికి అందుబాటులో ఆపే మీట... ఊరి వెల్డింగు షాపులో అయ్యే పనులివి. ప్రతి ఇంజను గానుగకూ ఇవి ఉండి తీరాలి. గానుగ చరిత్రలో తర్వాతి మెరుగుదల ఇదే కావాలి.