ముద్ర పడని మాంసం

తణుకు: తూకంలో తేడా వస్తే నిలదీసే కొనుగోలుదారులు, వేట మాంసంపై పశువైద్యుని ముద్ర ఉన్నదా అని అడగడం అరుదు. పట్టణాల్లో కబేళాల ఏర్పాటు, పర్యవేక్షణ పురపాలక సంఘాల బాధ్యత. 2001 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 పశువులకు మించి పరీక్షించరాదు. ఆచరణలో పలుచోట్ల కబేళాలు మూలపడి, వధ దుకాణాల వెనుకకు, రోడ్డు పక్కకు చేరింది. అక్కడ పరీక్ష చేసేదెవరు?

వధకు ముందు జీవం నడక, శ్వాస, జ్వరం చూస్తారు. తర్వాత ఊపిరితిత్తులు, గ్రంథులు, కార్జం కోసి చూస్తారు. నీరు నిలిచే డెల్టా పొలాల్లో మేసే జీవాలకు నత్తల ద్వారా కార్జపు జలగలు సోకుతాయి. అటువంటి కార్జాన్ని అమ్మకానికి పోకుండా తీసివేయాలి. దొమ్మ రోగం అంతకంటే ప్రమాదకరం. దానితో చనిపోయిన జీవాన్ని కోసినవారి చేతులపైనే మొదట నల్లని పుండ్లు లేస్తాయి. చచ్చిన జీవం దుకాణానికి చేరకుండా ఆపవలసింది ఈ తనిఖీయే.

పెద్ద వధశాలలదీ వేరే తంటా. సమీపంలోని తేతలి పశువధశాలను మూసివేయాలంటూ 2025లో స్థానికులు ఆందోళనకు దిగారు.

2011 ఆగస్టు 5 నుంచి అమలులోకి వచ్చిన ఆహార భద్రత చట్టం కింద చిన్న మాంసం దుకాణానికైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ పత్రాన్ని కొనుగోలుదారులకు కనిపించేలా ఉంచాలి.