సూదిపోట్ల పుస్తకాలు

జూరిచ్‌లోని ఫ్రోషవర్ అచ్చుశాల నుంచి 1561 ప్రాంతంలో ఒక లేసు నమూనాల పుస్తకం వెలువడింది. రాసినావిడ పూర్తి పేరు లేదు, ‘ఆర్.ఎం.’ అన్న రెండక్షరాలే. ఆవిడ ముందుమాట అంటే నాకు ప్రాణం. కండెలతో లేసు అల్లే పని తమ ఊరికి 1536లో వెనిస్ నుంచీ ఇటలీ నుంచీ వచ్చిన వర్తకులతో చేరిందట. తెలివైన ఆడవాళ్లు ఆ అల్లికల్ని చూసి పట్టేసి, తర్వాత సొంతంగా కొత్తవి కట్టుకున్నారు. దాంతో నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చని గ్రహించారు. పని చేసిన మనిషే పని చరిత్ర చెప్పడం ఆ కాలంలో ఎంత అరుదు!

ఇలాంటి కుట్టు, అల్లిక నమూనాల పుస్తకాలు అప్పటికే నలభై ఏళ్లుగా వస్తున్నాయి. ఆగ్స్‌బర్గ్‌లో షోన్‌స్పెర్గర్ 1520ల మొదట్లో వేశాడు. 1527లో కొలోన్‌లో క్వెంటెల్ వేశాడు. వెనిస్‌లో చేతిరాత నేర్పే పంతులు తాల్యెంతె కూడా ఒకటి తెచ్చాడు. అన్నీ చెక్క అచ్చులే. ఒకరి డిజైన్లను ఇంకొకరు ఎత్తి వేసుకోవడమూ మామూలే.

మగ్గం వర్క్ చేసే మాకు వీటి వాడకం విడమరిచి చెప్పనక్కర్లేదు. వెనిస్ ముద్రాపకుడు పగానీనో 1530ల్లో వేసిన పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. ఒకామె కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి డిజైను దించుకుంటోంది, ఒకామె దీపం వెలుగులో. ఇంకొకామె గీత వెంట సూదితో పొడిచిన కాగితాన్ని గుడ్డ మీద పరిచి పొడి అద్దుతోంది. వాళ్లది బొగ్గుపొడి. మనం ట్రేసింగ్ పేపరు మీద కిరసనాయిల్లో కలిపిన పొడి రుద్దుతాం. తేడా అంతే.

పుస్తకంలోని పేజీనే పొడిచేస్తే అది ఎన్నాళ్లు ఆగుతుంది? పేజీలు చిరిగాయి, చేతులు మారాయి. అందుకే చాలా పుస్తకాలకు ఒకటీ అరా ప్రతులే మిగిలాయి. మచ్చ లేని ప్రతికి విలువెక్కువ అంటారు గానీ, నన్నడిగితే పొడిచిన ప్రతే అసలు సాక్ష్యం. ఆ ఇంట్లో నిజంగా ఏ తీగ నచ్చిందో, ఏ అంచు కుట్టారో ఆ చిల్లులే చెబుతాయి.

పుస్తకాల పేర్లు చూస్తే మాత్రం చాలావరకు దొరసానుల కోసమే. 1587లో పారిస్‌లో విన్చోలో, 1591లో వెనిస్‌లో చిత్రకారుడు తీత్సియానోకు బంధువైన వెచెల్లియో రాజవంశాల, గొప్పింటి ఆడవాళ్లను తలుచుకునే పుస్తకాలు తెచ్చారు. రోమ్‌లో ఇసబెల్లా పరసోలె తన పూర్తి పేరుతోనే 1597లోనూ 1616లోనూ వేసింది. ఆ ఒక్క సంగతికే ఆవిడకు నా దండం.

గడుల డిజైన్ల దారి వేరు. నురెంబర్గ్‌లో సిబ్‌మాహర్ 1597లో వేసిన పుస్తకంలో డిజైను ఎన్ని గడుల ఎత్తుందో అంకె వేసి చూపాడు. కుట్టే పిల్ల గుడ్డలో పోగులు లెక్కపెట్టుకుంటే చాలు. కాగితాన్ని పొడిచే పనే లేదు.