బొమ్మ రామంతాపూర్‌ది, పెట్టె ఈసీఐఎల్‌ది

పెట్టెకు నాలుగు కాళ్లు. ముందు రెండు చెక్క తలుపులు, పక్కకు జరిపితే మడతలు పడుతూ లోపలికి దూరిపోతాయి. పిల్లల పరీక్షలప్పుడు వాటికి తాళం పడేది. పైన కుట్టుపని చేసిన గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలకుండీ. నలుపు తెలుపు బొమ్మకు రంగు వస్తుందన్న ఆశతో కొందరు తెరకు ముందు నీలం రేకు తగిలించుకునేవారు. ఆ ఇళ్లలో వార్తలు చదివేవాళ్లంతా నీలమేఘశ్యాములే. మేడ మీద యాంటెన్నా తిప్పే కుర్రాడొకడు, కిటికీ దగ్గర నిలబడి ‘వచ్చింది, వచ్చింది... ఆఁ, పోయింది’ అని కేకలేసేవాడొకడు లేనిదే ఆ యంత్రం నడిచేది కాదు. 1980ల్లో తెలుగు ఇంట టీవీ వైభోగం ఇదీ.

ఆ పెట్టెల్లో కొన్నిటి మీద ‘ఈసీ’ అన్న అక్షరాలుండేవి. అణుశక్తి శాఖ కింద 1967లో హైదరాబాద్‌లో పుట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, జనం నోట ఈసీఐఎల్, తయారుచేసిన టీవీలవి. దేశంలో తొలితరం కంప్యూటర్లు చేసిందీ, తర్వాత ఓటింగ్ యంత్రాలు చేస్తున్నదీ ఆ సంస్థే. పెట్టెలో కనిపించే బొమ్మ మాత్రం రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం నుంచి బయల్దేరేది. రెంటికీ మధ్య ఎంతో దూరం లేదు. రామంతాపూర్ నుంచి హబ్సిగూడ, అక్కణ్నుంచి నాచారం, మల్లాపూర్ దాటితే ఈసీఐఎల్ చౌరస్తా.

సినిమా అంటే ఫిల్మ్‌నగర్, కంప్యూటర్ అంటే మాదాపూర్ అని నగరం ఎప్పుడో వాటాలు పంచేసుకుంది. ఉప్పల్ వాటాకు వరంగల్ బస్సు, నాచారం వాటాకు ఫ్యాక్టరీ షెడ్డు మిగిలాయి. ఊరి పేర్లు కూడా సరదాకు లొంగే రకం కావు. ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖల్సా, ఉప్పల్ భగాయత్ అన్నీ రెవెన్యూ లెక్కల్లోంచి వచ్చిన పర్షియన్ మాటల తోకలే: కలాన్ అంటే పెద్దది, ఖల్సా అంటే నేరుగా సర్కారు కిందున్న భూమి, భగాయత్ అంటే తోటల నేల. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసేదాకా ఉప్పల్ కలాన్ విడి మునిసిపాలిటీ. అయితే తెలుగువాళ్లు సాయంత్రం పూట ఏం చూడాలి, మర్నాడు దేని గురించి మాట్లాడుకోవాలి అన్నది చాలా ఏళ్లపాటు ఈ దిక్కునే తేలింది. పంపకం జరిగినప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

కథ టీవీ స్టేషన్ కంటే ముందే మొదలైంది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా వాళ్లు అరువిచ్చిన ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చూపించారు. ‘సైట్’ అని పేరు. ఆ కార్యక్రమాలు తయారైన కేంద్రాల్లో హైదరాబాద్ ఒకటి. అలా తెలుగులో టీవీని మొదట చూసినవాళ్లలో పట్నం వాళ్లకంటే పల్లెటూరి రైతులే ముందున్నారు. 1977 అక్టోబర్ 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. తెలుగు వార్తలు రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

1983 నవంబర్ 14, బాలల దినోత్సవం, సాయంత్రం ఏడు గంటలు. తెరమీద శాంతిస్వరూప్. తెలుగు టీవీలో తొలి వార్తలు చదివినవాడు ఆయనే. ఎదురుగా అక్షరాలు కదిలే టెలిప్రాంప్టర్ అప్పటికి లేదు, ఆ తర్వాత పదేళ్లయినా రాలేదు. కాగితం చూసి చదివితే తల వంగుతుంది. తల వంగితే చూసేవాడికి పాపిడి తప్ప కళ్లు కనిపించవు. అందుకని వార్తలన్నీ ముందే కంఠతా పట్టి, కెమెరా కళ్లల్లోకి చూస్తూ అప్పజెప్పేవారు. బడిలో ఎక్కాలు అప్పజెప్పడానికే చెమటలు పట్టినవాళ్లకు ఆ కష్టం అర్థమవుతుంది. ఇక్కడ ఎక్కం రోజుకొకటి మారుతుంది, వినేవాళ్లు లక్షల్లో ఉంటారు. ఈనాటి అరుపుల చర్చల పక్కన ఆ నిదానం పెట్టి చూస్తే, పాతదే మేలనిపిస్తుంది.

ఆయనకు ఇంకో వ్యాపకం ఉంది. నవలలు రాసేవారు. వార్తల మనిషికి వస్తువు వార్తల్లోనే దొరికింది: భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద ‘రాతి మేఘం’, సతీసహగమనానికి వ్యతిరేకంగా ‘అర్ధాగ్ని’, క్రికెట్ మీద ఇష్టంతో ‘క్రేజ్’. బులెటిన్‌లో రెండు నిమిషాలు కూడా పట్టని విషయాన్ని ఇంటికెళ్లి రెండొందల పేజీల్లో చెప్పాలనిపించిందంటే, చదివినదంతా మర్నాటికి మరిచిపోయే రకం కాదన్నమాట.

అప్పట్లో ఇలాంటివాళ్లు వీధికొకరు ఉండేవారు. పగలు బ్యాంకులోనో తపాలా ఆఫీసులోనో కూర్చుని, రాత్రి వంటిల్లు సర్దేశాక అదే బల్లమీద కథ రాసేవాళ్లు. దానికో మర్యాద ఉండేది. తెల్లకాగితం, ఒకవైపే రాయాలి, ఎడమ పక్క మార్జిన్ వదలాలి. చివర హామీపత్రం: ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుకరణ కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. దాంతోపాటు స్టాంపులు అంటించి సొంత చిరునామా రాసిన కవరు. పోస్ట్‌మ్యాన్ చేతిలో ఆ లావు కవరు కనిపించిందంటే కథ వెనక్కొచ్చిందని ఇంటిల్లిపాదికీ చెప్పకుండానే తెలిసిపోయేది. కార్డుముక్క వస్తే మాత్రం పండగ.

హాస్యనటుడు ధర్మవరపు సుబ్రహ్మణ్యం కూడా ఆ కోవ మనిషే. సర్కారు ఉద్యోగి. దూరదర్శన్‌లో ‘ఆనందోబ్రహ్మ’తో ఇంటింటి మనిషయ్యాడు. సినిమాలు ఆయన్ని కాలేజీ లెక్చరర్‌ని చేసి ఆడుకున్నాయి గానీ, ముఖం కదలకుండా నవ్వించే ఆ తీరుకు ముందుగా అలవాటు పడింది టీవీ ముందు చాప వేసుకు కూర్చున్నవాళ్లే.

నాచారం సంగతి వేరు. అక్కడున్న సినిమా స్టూడియో పేరే చిత్రం: రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియోస్. సినిమాకూ తోటల పెంపకానికీ ఒకే బోర్డు మీద చోటిచ్చిన స్టూడియో మరొకటి ఉంటే చెప్పుకోదగ్గదే. ఇది ఎన్టీఆర్ కుటుంబానిది. అకాలంగా పోయిన పెద్దకొడుకు రామకృష్ణ పేరు మీద ఆయన 1976లో ముషీరాబాద్‌లో మొదటి స్టూడియో పెట్టారు. ఆ స్టూడియో పేరు మీదే 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ ఆయనే, దర్శకుడూ ఆయనే. ఆ పేరే తర్వాత నాచారం దాకా వచ్చింది. ఒక పక్క మందులూ రసాయనాల పారిశ్రామికవాడ, మరో పక్క చెట్ల నీడలో సెట్లు.

హబ్సిగూడ నుంచి ఉప్పల్ వైపు వస్తే జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీ. 1977లో మొదలైన ఈ సంస్థకు తొలి డైరెక్టర్ పుష్ప మిత్ర భార్గవ. 1988లో లాల్జీ సింగ్ బృందం డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని తయారుచేసింది ఇక్కడే. అలాంటి చోట మైక్రోస్కోపులు తప్ప మరేవీ కనిపించవనుకుంటాం. ఇక్కడ గోడ మీద ఎం.ఎఫ్.హుస్సేన్ కుడ్యచిత్రం ఉంది. సర్కారు ప్రయోగశాల అనగానే సున్నం గోడ, ఇనుప బీరువా, పాత క్యాలెండర్ గుర్తొచ్చే దేశంలో భార్గవ కళను వరండాలోకి తెచ్చారు. శాస్త్రమూ కళా అందానికి రెండు ముఖాలేనన్న తన నమ్మకాన్ని చందన చక్రవర్తితో కలిసి ‘ద టూ ఫేసెస్ ఆఫ్ బ్యూటీ: సైన్స్ అండ్ ఆర్ట్’ అన్న పుస్తకంగా కూడా రాశారు. ఉప్పల్ దిక్కున కంటికి ఇంపైన కట్టడం ఏదంటే, కొత్తగా వచ్చినవన్నీ లెక్కలోకి తీసుకున్నా, ఓటు ఈ ప్రాంగణానికే.

కొత్తవాటిలో పేరెన్నికగన్నది స్టేడియం. 2005 నవంబర్ 16న భారత్, దక్షిణాఫ్రికా ఆడిన వన్డేతో దానికి అంతర్జాతీయ యోగం పట్టింది. 2009 నవంబర్ 5న ఆస్ట్రేలియా 350 కొడితే, సచిన్ ఒక్కడే 141 బంతుల్లో 175 చేశాడు. జట్టు మూడు పరుగుల దూరంలో ఆగిపోయింది. ఆ రాత్రి సంగతి ఉప్పల్ వాళ్లు ఇప్పటికీ ఇంట్లో పెళ్లి ఆగిపోయినట్టే చెబుతారు. 2023 జనవరిలో శుభ్‌మన్ గిల్ అదే మైదానంలో న్యూజిలాండ్ మీద 208 కొట్టినా ఆ బెంగ తీరలేదు. ఐపీఎల్ రోజుల్లో రోడ్డంతా కాషాయం రంగు చొక్కాలు, బుగ్గల మీద రంగులు పూసే కుర్రాళ్లు, బూరలు.

2017 నవంబర్ చివర్లో నాగోల్ నుంచి మెట్రో వచ్చింది. ఆ స్టేషన్ల వరస వినసొంపుగా ఉంటుంది: ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ. సిక్సర్లు లెక్కపెట్టేచోటు దిగకపోతే, తర్వాతి స్టేషన్‌లో భూకంపాలు లెక్కపెట్టేచోటు దిగవచ్చు. 2023 జూన్ 26న ఉప్పల్ చౌరస్తా మీద 25 కోట్ల రూపాయలతో గుండ్రటి ఆకాశవంతెన తెరిచారు. లిఫ్టులు, ఎస్కలేటర్లు, మెరిసే కప్పు, పైనుంచి చూస్తే గాలిలో వేలాడే గాజు గాజులా ఉంటుంది. ఫొటోలకు బాగుంది. కిందేమో ఇప్పటికీ బస్సుల సందుల్లోంచి చెయ్యి అడ్డం పెట్టి పరుగెత్తే జనం ఉన్నారు. అలవాటుకు ఎస్కలేటర్ అక్కర్లేదు.

రామంతాపూర్ కేంద్రం ఛానెల్ పేరు మధ్యలో సప్తగిరి అయింది, రాష్ట్రం విడిపోయాక 2014లో యాదగిరి అయింది. శాంతిస్వరూప్ 2011లో ఉద్యోగ విరమణ చేసి, 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు. మర్నాటి పత్రికలన్నీ తొలి న్యూస్‌రీడర్ అని రాశాయి. నవలల ప్రస్తావన చాలాచోట్ల ఒక్క వాక్యంతో సరి. అటక దులిపేటప్పుడు పాత వారపత్రికల కట్టలో ‘రాతి మేఘం’ గానీ ‘క్రేజ్’ గానీ చేతికి తగిలితే, పాతసామాన్ల బండి మీద కిలోల లెక్కన వేసేయకండి. ముందు ఒకసారి చదవండి, చదివాక దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.